నలభై మూడో కన్నం

గోడ కింద వీధి, చివరి ఇల్లు
మార్చి 9

అత్తయ్యకి,

నేరం జరిగింది. చేసినవాడు ఇంజనీరు.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది కూర్చుని చదువు. (కాలికి కట్టుతో ఎలాగూ కూర్చునే ఉంటావు. క్షమించు, కోపంలో ఉన్నాను.)

ఇవాళ పొద్దున ప్రెస్సుకి బయల్దేరి మెట్ల దాకా వచ్చేసరికి, పురపాలక ఆఫీసు వాళ్ళు మన గోడకి ఇత్తడి పలక బిగిస్తున్నారు. దాని మీద ఉన్నది పొల్లుపోకుండా రాస్తున్నాను: "ఇరవై రెండేళ్ళుగా ఈ గోడను చెక్కుచెదరకుండా నిలిపిన మన మాజీ ఇంజనీరు గారికి పట్టణ ప్రజల కృతజ్ఞతలు." కింద ఆయన పేరు, ఒక్కో అక్షరం నా అరచెయ్యంత. చేతిలో క్యారియర్ జారి మెట్ల మీద దొర్లింది. చప్పట్లు కొడుతున్నారు అత్తయ్యా! ఎవరనుకున్నావు? మన వీధి వాళ్ళే! రోజూ పొద్దున ఇనప చువ్వ పట్టుకుని వాళ్ళ పెరళ్ళలోంచి నువ్వు నడిచి వెళ్ళడం చూసినవాళ్ళే!

నాలుగు నిలువుల ఎత్తు రాతిగోడ. పైన లారీలు తిరిగే రోడ్డు, కింద ముప్పై నాలుగు కొంపలు. నేను పుట్టకముందు ఒకసారి కూలి నాయనమ్మని మింగిన గోడ. మళ్ళీ ఇంకెవర్నీ మింగకుండా కాపలా కాసింది ఎవరు? ఆవిడ కూతురు. గోడ పాతబడి నూట పన్నెండు కన్నాలు పడితే రోజుకి పదహారు చొప్పున, వారానికో చుట్టు, వాటికి వైద్యం చేసింది ఎవరు? ఆరున్నర అయ్యేసరికి చువ్వ దూర్చి వేరుంటే లాగి, మట్టి ఉంటే గీకి, పిట్ట గూడు పెడితే పిల్లలు ఎగిరేదాకా ఆగి, నోటుబుక్కులో "తడి", "పొడి", "ధార" అని రాసింది ఎవరు? నీ జ్వరాలు నాకు తెలుసు. జ్వరంలో కూడా వెళ్ళావు. స్నానాల గదిలో జారి కాలు విరిగి, వదిన వచ్చి నిన్ను బస్సెక్కించే దాకా ఒక్కరోజు మానలేదు.

పలక మాత్రం ఆయనకి!

ప్రెస్సులో పోయిన వారం అచ్చయిన కరపత్రంలో ఒక మాట ఉంది: "శ్రమ ఒకరిది, పేరు ఇంకొకరిది అయిన చోట మౌనం కూడా దొంగతనమే." మడతలు పెడుతూ దాన్ని మూడువందల సార్లు చదివాను. ఇక మౌనంగా ఉండలేను.

నీ పని నేను చూస్తున్నాను, బెంగ పెట్టుకోకు. చువ్వ తలుపు వెనకే ఉంది.

ఆగ్రహంతో,
నీ మేనకోడలు


అమ్మాయి ఇల్లు, రైల్వే క్వార్టర్లు
ఏప్రిల్ 3

చిరంజీవి అగ్గిపుల్లకి,

నీ కవరు పట్టుకుంటేనే చెయ్యి చురుక్కుమంది. మీ వదిన పైకి చదువుతుంటే అల్లుడు "ఇది ఉత్తరమా, ఉపన్యాసమా" అని అడిగాడు. మా అన్నయ్య ఇంత మెత్తని మనిషి, నువ్వెవరి పోలికో నాకు అంతు చిక్కదు.

పలక పెడితే పెట్టారులే. నెలకోసారి దాన్ని తోమి మెరుగు పెట్టే పని మనకి చెప్పలేదు కదా, సంతోషించు. ఇంజనీరు గారి జోలికి మాత్రం వెళ్ళకు. ఆయన మంచివాడు. ఎందుకని అడక్కు.

కాలికి ఇంకో నాలుగు నెలలట. ఇక్కడ కూడా ఆరున్నరకి మెలకువ వచ్చేస్తోంది, చెయ్యి చువ్వ కోసం వెతుక్కుంటోంది. చేతికర్ర ఇస్తే దాంతో మంచం కోళ్ళు పొడుస్తున్నాను. పిచ్చెక్కిందనుకుంటున్నారు వీళ్ళు.

సరే, అడిగినవాటికి జవాబులు రాయి. పద్దెనిమిదో కన్నంలో వేరు మళ్ళీ వచ్చిందా? అది మొండిది, లాగినప్పుడల్లా ఇంకాస్త లావై వస్తుంది. మెట్ల పక్కన తొంభైలో పిట్ట గూడు పెట్టిందా? నలభై మూడు ఎలా ఉంది? అది మన పెరటి మీదిది, బుధవారం వరస. మిగతావన్నీ మర్చిపోయినా దాన్ని మర్చిపోకు. చువ్వ మోచెయ్యి దాకా దిగాలి. నోటుబుక్కులో ఒక పేజీ చింపి పంపు, చూస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

వేళకి తిను. ప్రెస్సు వాళ్ళ టీ ఎక్కువ తాగకు, నీకు అసలే వేడి.

అత్తయ్య


గోడ కింద వీధి
మే 12

అత్తయ్యకి,

ఆలస్యానికి క్షమించు, ఉద్యమంలో ఉన్నాను.

ముందు నీ జవాబులు. వేరు లేదు. గూడు లేదు. నలభై మూడు పొడిగా ఉంది, ఎండాకాలం కదా. నోటుబుక్కు చింపడానికి మనసొప్పలేదు. అది చరిత్ర.

ఇప్పుడు అసలు సంగతి. మేం తొమ్మిది మందిమి కలిసి గోడ కింద యువజన సంఘం పెట్టాం. మొదటి సమావేశం మన పెరట్లోనే. మొదటి తీర్మానం: ఇంజనీరుని నిలదీయాలి. నువ్వు వద్దన్నావు, నిజమే. కానీ దోపిడీకి గురైనవాళ్ళే దోపిడీదారుణ్ణి వెనకేసుకొస్తారని ఆకుపచ్చ అట్ట కరపత్రంలో స్పష్టంగా ఉంది.

వెళ్ళేసరికి ముసలాయన కుండీల్లో మట్టి గుల్ల చేసుకుంటున్నాడు.

"ఆ పలక మీద పేరు మీదేనా?" అన్నాను.

"నాదే."

"ఆ గోడని మీరెన్నిసార్లు ముట్టుకున్నారు?"

చేతులు దులుపుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ఆవిడ మేనకోడలివా? ముక్కు అదే."

"ముక్కు సంగతి కాదు, పలక సంగతి చెప్పండి!"

"పలక సంగతి మీ అత్తయ్యనే అడగమ్మా." కుండీ పక్కకి జరిపి, "ఇవాళ బుధవారం కదా, నలభై మూడు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఏముంది?"

"ఏముంటుంది? పొడి."

అత్తయ్యా, ఆయన మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. "పొడా?" అన్నాడు. నిజం ఎదురుపడితే దొంగ మొహం అలాగే ఉంటుంది! "ఒక్కసారి నన్ను గోడ దగ్గరికి రానివ్వండమ్మా" అని బతిమాలాడు. "మీ నీడ కూడా ఆ గోడ మీద పడనివ్వం" అన్నాను. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. మర్నాడు చువ్వ లాంటిదేదో పట్టుకుని నిజంగానే వచ్చాడు. చేతులు చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడి వెనక్కి పంపేశాం.

ఇంకొక్క మాట. నీతో నాకు సిద్ధాంతపరంగా పేచీ ఉంది. లెక్క వేశాను, ఇరవై రెండేళ్ళకి లక్షా ఇరవై ఎనిమిది వేల పోట్లు. ఏం మారింది? నువ్వు చువ్వ కింద పెడితే మళ్ళీ మొదటికే. మనం తలెత్తి చూడకుండా ఉండటానికే ఇలాంటి తెమలని పనులు మనకి అంటగడతారు. మార్పు అనేది ఒక్క రోజున రావాలి, ఒక్క దెబ్బకి. మేం అలాంటిదే ఒకటి ఆలోచిస్తున్నాం. నువ్వు నిర్ఘాంతపోతావు, చూస్తూ ఉండు.

నీ మేనకోడలు
(కార్యదర్శి)


రైల్వే క్వార్టర్లు
మే 26

పిల్లా,

నలభై మూడో కన్నం ఎప్పుడూ పొడిగా ఉండదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బుధవారం కూడా ఉండలేదు. వీధిలో కుళాయిలు ఎండిపోయిన ఏడు కూడా దాంట్లో వేలు పెడితే తడి తగిలింది.

అంటే రెండే దార్లు. నువ్వు చూడకుండా రాశావు, లేదా లోపల ఏదో అడ్డం పడింది. నువ్వు అబద్ధమే రాసి ఉండాలని కోరుకుంటున్నాను. మేనకోడలు అబద్ధం చెప్పిందని సంతోషించాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తిట్టను. ఈ ఉత్తరం అందిన రోజు ఏ వారమైనా సరే, చువ్వ తీసుకుని వెళ్ళి దాంట్లో పొడువు. వచ్చింది వచ్చినట్టు రాయి.

అత్తయ్య


గోడ కింద వీధి
మే 28

అత్తయ్యకీ, వదినకీ, బావగారికీ, ఆ క్వార్టర్లలో ఉన్న ప్రజలందరికీ,

గెలిచాం!

నిన్న ఆదివారం నలభై ఒక్క మంది వచ్చారు. నలభై ఒక్క మంది, అత్తయ్యా! నువ్వు ఇరవై రెండేళ్ళు ఒక్కదానివే చేసిన పనిని మేం ఒక్క పగటిపూటలో శాశ్వతంగా తేల్చేశాం. పొద్దున ఏడుకి మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నున్నగా సిమెంటు పూత పూశాం. దాని మీద తెల్ల రంగు. దాని మీద ఎర్ర అక్షరాలు, ఒక్కోటి మనిషంత, రోడ్డు మలుపు నుంచి కూడా కనబడేలా:

ఈ గోడను నిలబెట్టింది ఒక ఆడమనిషి. ఆఫీసు కాదు.

పలక ఇప్పుడు ఆ అక్షరాల కింద ఈగలా ఉంది.

ఇక ఆ కన్నాల గురించి నువ్వు జన్మలో బెంగపడక్కర్లేదు. నూట పన్నెండూ రాళ్ళు కుక్కి, సిమెంటు పెట్టి మూసేశాం. వాటిల్లోంచి పాచినీళ్ళు కారి అక్షరాలు పాడవుతాయని ముందే ఆలోచించాను. ఇప్పుడు వేర్లు మొలిచేదెక్కడ? గూళ్ళు పెట్టేదెక్కడ? నువ్వు రోజుకి పదహారు పొడిచావు, నేను ఒక్క రోజులో నూట పన్నెండూ లేకుండా చేశాను. చువ్వని సంఘం గదిలో గోడకి తగిలిద్దామనుకుంటున్నాం, జ్ఞాపకంగా.

ఒకే ఒక్క అపశ్రుతి. మేస్త్రీ తాత కన్నాలు మూయనన్నాడు. "అవి గోడకి పడినవి కావే పిల్లా, పెట్టినవి" అని ఏదో గొణుగుతూ తాపీ పడేసి పోయాడు. పాతకాలపు మనుషులకి కొత్తది చూస్తే భయం. కరపత్రాల్లో దీనికి ఒక పేరు కూడా ఉంది, గుర్తు రావడం లేదు. ఇంజనీరు కూడా వచ్చి కాసేపు అరిచాడు. ఆఫీసుకి ఫిర్యాదు చేస్తానన్నాడు. చేసుకోమన్నాం.

ఆకాశం మబ్బు పట్టింది. వాన పడితే రంగు నిలుస్తుందా అని ఒక్కటే భయం.

విజయోత్సాహంతో,
నీ మేనకోడలు


రైల్వే క్వార్టర్లు
జూన్ 2, పొద్దున తొమ్మిది

ప్రెస్సుకి ఫోను చేయిస్తూనే ఉన్నాం, లైను లేదంటున్నారు. ఈ చీటీ బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. చదువుతూ నిలబడకు.

ముందు గోడకి ఆనుకున్న ఇళ్ళన్నీ ఖాళీ చేయించు. ముసలివాళ్ళనీ మంచంలో ఉన్నవాళ్ళనీ ముందు. ఎవరూ గిన్నెల కోసం వెనక్కి వెళ్ళకూడదు.

తర్వాత ఇంజనీరు గారి దగ్గరికి పరుగెత్తు. కాళ్ళు పట్టుకో. ఆయన చెప్పినట్టు చెయ్యి.

ఆ కన్నాలు జబ్బు కాదే. అవి గోడకి ఊపిరి. కొండలో దిగిన నీళ్ళన్నీ వాటిల్లోంచే బయటికి రావాలి. రాకపోతే గోడని తోసుకుని వస్తాయి.

మన పెరటి గదిలో ఎవర్నీ పడుకోనివ్వకు. ఎవర్నీ.


ప్రెస్సు గది, మేడ మీద
జూన్ 9

అత్తయ్యా,

ఎవరూ పోలేదు. ఈ మాట ముందు రాస్తున్నాను. మిగతాది రాయడానికి మూడు రోజులు పట్టింది.

వాన ఒకటో తేదీన మొదలైంది. దారి తెగి రెండు రోజులు మధ్యలో ఆగిపోయిన డ్రైవరు నాలుగో తేదీ పొద్దున నీ చీటీ తెచ్చాడు. చదివి నమ్మలేదు, పెరట్లోకి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టాను. మా అక్షరాల్లో ఒకటి ఉబ్బి ఉంది, కడుపుతో ఉన్న మనిషిలా. చల్లగా ఉంది. లోపల ఏదో కదిలింది.

కంచమూ గరిటే పట్టుకుని వీధంతా కొట్టుకుంటూ తిరిగాను. "నీ సభ సాయంత్రం పెట్టుకోవే తల్లీ, వాన పడుతోంది" అన్నారు. తలుపులు మూసుకున్నారు. "గోడ పడుతుంది, చేసింది నేనే" అని అరిస్తే అప్పుడు తెరిచారు. ముప్పై నాలుగు ఇళ్ళు ఖాళీ చేయడానికి గంటన్నర పట్టింది. ఎదురింటి అవ్వని మంచంతో సహా మోశాం.

ఇంజనీరు గారు తలుపు తీసి నన్ను చూశారు. తలుపు వెనక నుంచి చువ్వ తీశారు. నీ చువ్వ లాంటిదే, అదే పొడవు, కొసన అదే వంపు. నేను అక్కడే మొహం చేతుల్లో దాచుకున్నాను. "తర్వాత ఏడుద్దువుగాని, పద" అన్నారు. దార్లో చెప్పారు, ఆయన మూడుసార్లు ఆఫీసుకి వెళ్ళారట. "మీ గోడకేమవుతుంది సార్, పలక కూడా పెట్టాం" అన్నారట వాళ్ళు.

మేస్త్రీ తాత అప్పటికే ఉలీ సుత్తీ పట్టుకుని మెట్ల దగ్గర తడుస్తూ నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. కింది వరస నుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చాం. వాళ్ళిద్దరూ కొట్టేవాళ్ళు, మా సంఘం వాళ్ళం రాళ్ళు లాగేవాళ్ళం. నేను నా చేత్తో కుక్కిన రాళ్ళు. ఇరవై ఏడు తెరిచాక నలభై మూడుకి వచ్చాం. తాత ఒక్క దెబ్బ వేశాడు. సిమెంటు బిళ్ళ ఎగిరి సందు అవతల పడింది. వెనకే నీళ్ళు, నా తొడంత లావున, ఎర్రమట్టితో. తాత వెల్లకిలా పడ్డాడు. ఇంజనీరు గారు ఆయన్ని చంకల కింద పట్టి లాగుతూ "అందరూ బయటికి!" అని అరిచారు. మేం సందు దాటామో లేదో, పైన పది బారల గోడ విరిగి మన పెరటి గది మీదా, వంటింటి మీదా పడింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ప్రెస్సులో మెషీను తిప్పినా ఉలిక్కిపడుతున్నాను.

మిగతా గోడ నిలబడింది. కన్నాలన్నీ తెరిచాం. పలకకి మాత్రం గీత కూడా పడలేదు.

నేను నీకు అబద్ధం రాశాను. చువ్వ పట్టుకున్నది తొమ్మిది రోజులే. పదో రోజు జ్వరం లేదు, వాన లేదు, ప్రెస్సులో పని లేదు. ఊరికే మానేశాను. పదకొండో రోజు మానడం ఇంకా తేలికయింది. పన్నెండో రోజుకి అది గుర్తు కూడా రాలేదు. నలభై మూడు పొడి అని మంచం మీద కూర్చుని రాశాను. నువ్వు పొడవమని రాసిన ఉత్తరం మే ముప్పై ఒకటిన అందింది. పట్టుబడ్డానన్న ఉక్రోషంతో సొరుగులో పడేశాను. ఆ రోజే వెళ్ళి ఉంటే!

ఒకటి అడగాలి. నలభై మూడులోంచి నీళ్ళు దూకినప్పుడు ఇంజనీరు గారు "మళ్ళీ ఇదే" అన్నారు. తర్వాత అడిగితే "అదీ మీ అత్తయ్యనే అడగమ్మా" అన్నారు.

మళ్ళీ అంటే ఏమిటత్తయ్యా?


రైల్వే క్వార్టర్లు
జూన్ 17

అమ్మా,

ఇది మీ వదిన చదవకుండా రాస్తున్నాను. వాళ్ళు పనులకి వెళ్ళారు.

ఆ కన్నాన్ని నీకంటే ముందు మూసింది నేను.

అప్పట్లో మేడ హోటలు వాళ్ళ దుప్పట్లు ఉతికేదాన్ని. పెరట్లో తీగలు కట్టి ఆరేసేదాన్ని. ఆ కన్నంలోంచి తుప్పు రంగు నీళ్ళు కారి తెల్ల దుప్పట్ల మీద చారలు పడేవి. మళ్ళీ ఉతకడం, మళ్ళీ చార. హోటలు మేనేజరు నలుగురి ముందూ నానా మాటలూ అన్నాడు. ఇంటికొచ్చి చిరిగిన దుప్పటి ముక్క, నీలం చారలది, ఉండ చుట్టి లోపలికి కుక్కాను. పైన సిమెంటు పెట్టి గరిటె వెనకవైపుతో నున్నగా రుద్దాను. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. నీ ఉత్తరంలో "నున్నగా" అనే మాట చూసినప్పుడు నాకు ఆ గరిటే కళ్ళ ముందు కనబడింది.

మూడు నెలలకి వానలు. అమ్మకి ముందు గదిలో ఉక్కపోస్తుంటే "పెరటి గదిలో పడుకోమ్మా, చల్లగా ఉంటుంది" అని నేనే పక్క వేశాను. మధ్యాహ్నం రెండింటికి గోడ పడింది. నేను హోటల్లో దుప్పట్లు లెక్క అప్పజెబుతున్నాను.

మట్టి తీయించింది, గోడ తిరిగి కట్టించింది ఇంజనీరు గారే, అప్పటికి జుట్టు నెరవలేదు. ఆయన చేతికి సిమెంటు ముద్ద దొరికింది, దానికి నీలం చారల గుడ్డ అంటుకుని ఉంది. దాన్ని చూశారు. తీగల మీద వేలాడుతున్న దుప్పట్లని చూశారు. నన్ను చూశారు. జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు వచ్చి అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తు. "మిగతావి కూడా వేర్లతో పూడుకుపోయి ఉన్నాయమ్మా. ఏటా చూశానని సంతకం పెట్టింది నేను. నువ్వు చూసి మూశావు, నేను చూడకుండా సంతకం పెట్టాను. ఇద్దరం చెప్పేస్తే ఇద్దరం లోపలికి పోతాం. గోడ మాత్రం మళ్ళీ ఎవరికీ పట్టదు." రెండు చువ్వలు తెచ్చారు. ఒకటి నాకిచ్చారు. అది న్యాయమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. మీ కరపత్రాల్లో ఏమన్నా రాసి ఉంటే చెప్పు.

మొదటి ఏడు భయంతో చేశాను. చువ్వ దూర్చినప్పుడల్లా అమ్మ తగులుతుందేమో అనిపించేది. ఆయనా వచ్చేవారు, తర్వాత వేరే ఊరికి మార్చారు, రిటైరయ్యాకే తిరిగొచ్చారు. మూడో ఏడు అలవాటయింది. ఏడో ఏట విసుగు, చువ్వని బావిలో పడేద్దామనిపించింది. ఆ తర్వాత ఎందుకు చేస్తున్నానో గుర్తు కూడా లేకుండా చేసిన రోజులున్నాయే, పళ్ళు తోముకున్నట్టు. అవే మంచి రోజులు. నువ్వు గెలిచామని రాశావు. నా గెలుపు ఏమిటో తెలుసా? నోటుబుక్కులో పదహారు మాటలు రాసి, ఇవాళ ఏమీ జరగలేదు అనుకోవడం. అది సాయంత్రానికి అయిపోతుంది, పొద్దున మళ్ళీ గెలవాలి.

పలక సంగతి. ఆయన పేరు వేస్తామంటే వద్దని, నాది వేయమని ఆయన చెప్పబోయారు. నేనే ఆపాను. ఆ గోడ మీద నా పేరు ఏ మొహంతో చూసుకోను? నువ్వేమో మనిషంత అక్షరాలతో రాశావు.

మీ నాన్నకి తెలియదు. వాడి తల్లి కూడా కదా. ఈ ఉత్తరం చింపేస్తావో, వీధి మధ్యలో నిలబడి చదువుతావో నీ ఇష్టం. నేను అలిసిపోయానమ్మా. పని చేసి కాదు, దాచి.

అత్తయ్య


ప్రెస్సు గది
జూన్ 26

అత్తయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మెషీను ఆగిపోయిందని కిందనుంచి కేకలు వేస్తే లేచాను. నాయనమ్మ ఫొటోకి నేను రోజూ చెప్పేదాన్ని, నిన్ను చంపినవాళ్ళని వదలనని.

తిడుతూ రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. ప్రతి తిట్టూ నీ దాకా రాకుండా మధ్యలో నా దగ్గరే ఆగిపోతోంది. నువ్వు ఒక్క కన్నం మూశావు. నేను నూట పన్నెండు మూసి, పైన నీ గొప్ప రాశాను. నీకూ నాకూ తేడా ఏమిటంటే మన వీధి ఆ రోజు మెలకువగా ఉంది, అంతే.

కరపత్రాలన్నీ వెతికాను. ఇంజనీరు గారు చేసింది న్యాయమా కాదా అని ఎక్కడా లేదు. ఆయన్ని అడిగితే "నాకూ తెలియదమ్మా, అందుకే ఆ గుడ్డ ముక్క పారేయలేకపోయాను" అన్నారు. ఇంకా దాచారు.

ఉత్తరం చింపలేదు. ఎవరికీ చదవలేదు. నీ నోటుబుక్కు మధ్యలో పెట్టాను. దాన్ని చదవాల్సింది నేను కాదు. వచ్చి నువ్వే చదువు. ముందు నాన్నకి. నేను పక్కన నిలబడతాను, చెయ్యి పట్టుకుంటాను. నాన్న కేకలేస్తే నేను వినిపించుకోను, నువ్వు విను.

ఈ పదిహేను రోజులూ నేనూ, ఇంజనీరు గారూ, మేస్త్రీ తాతా పొడుస్తున్నాం. ముగ్గురం చాలం, ఇద్దరు ముసలివాళ్ళు. ఇవాళ మధ్యాహ్నం ఒక కరపత్రం అచ్చు వేశాను. నా సొంతంగా రాసిన మొదటిది. సాయంత్రం ముప్పై నాలుగు గడపలకీ పంచుతాను. నీకొకటి కింద అంటిస్తున్నాను.

నీ మేనకోడలు

*

గోడ కింద వీధి వాళ్ళందరికీ,

నేరం జరిగింది. చేసినదాన్ని నేను.

మన గోడకున్న నూట పన్నెండు కన్నాలు నీళ్ళు బయటికి పోవడానికి కట్టినవాళ్ళు పెట్టినవి. వాటిని మూయించింది నేను. అంతకుముందు రోజూ శుభ్రం చేస్తానని మాటిచ్చి తొమ్మిది రోజులకే మానేసింది నేను. చేస్తున్నానని రాసింది నేను. అడ్డం వచ్చిన పెద్దల్ని దొంగలన్నది నేను. సంఘానికి కార్యదర్శి పదవి వదిలేశాను, సంఘాన్ని వదల్లేదు.

గోడ మీద మిగిలిన ఎర్ర అక్షరాలు చెరిపేస్తున్నాం. వాటి చోట ఎవరి పేరూ రాయం. పలకని ఉంచాలో తీసేయాలో తర్వాత కొట్టుకుందాం. దానికి తొందర లేదు. నీళ్ళకి ఉంది.

ఒక్కరోజు పనికి నలభై ఒక్క మంది వచ్చారు. ఆ నలభై ఒక్క మందినే మళ్ళీ అడుగుతున్నాను. ఈసారి జెండా లేదు, పాట లేదు, చప్పట్లు లేవు. మనిషికో చువ్వ, వారానికో రోజు, గంట పని. ఎవరి కన్నాలు వాళ్ళవి. తడి అయితే తడి అని, పొడి అయితే పొడి అని, చూడకపోతే చూడలేదని నోటుబుక్కులో రాయాలి. చూడలేదని రాసినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. చూడకుండా రాసినవాళ్ళకి మా పెరటి గది చూపిస్తాను.

రేపు బుధవారం. ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాకా.

పొద్దున ఆరున్నరకి మెట్ల దగ్గరికి రండి. ఎల్లుండి కూడా, ఆరున్నరకే.